ముందు బ్రేకు కుడి చేతికే

మొన్న కెరమెరి ఘాట్ దిగుతుంటే బస్సులో కాలిన బ్రేకు వాసన వచ్చింది. పక్క సీటులో ఉన్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వెనక నుంచి ఎవరో కిటికీ మూయమన్నారు. నేను మూయలేదు. ఆ వాసన వస్తే నాకు రాజమల్లు కాక పక్కన వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది. నస్పూర్‌లో మా క్వార్టర్‌కు రెండిళ్ల అవతల ఉండేవాడు. బొగ్గు బాయిలో, బొగ్గు మోసే చక్రాల టబ్బులను నడిపే యంత్రం దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఇనుప తాడు కట్టి, ఏటవాలు దారిలో టబ్బులను పైకి గుంజడం, బ్రేకు పట్టి మెల్లగా కిందికి వదలడం ఆయన పని. పైకి గుంజేది యంత్రమని, కిందికి దించేది మనిషని ఆయన వాదన. తన సర్వీసులో ఒక్క టబ్బు కూడా జారలేదని, ఆ మాట ఏ ఆఫీసరూ నోరు తెరిచి అనలేదని, వినేవాళ్లున్నా లేకున్నా చెప్పేవాడు. వాడకట్టులో అందరూ ఆయనను సణుగుడు మనిషి అనేవారు. నన్నూ అదే అనేవారు కాబట్టి మా ఇద్దరికీ కుదిరింది.

నేను మంచిర్యాలలో డిగ్రీ చదువుతున్నప్పుడు, పట్నం నుంచి కొందరు వచ్చి జైనూర్ వైపు ఒక గుట్ట మీద సైకిళ్ల పోటీ పెట్టారు. గుట్ట నెత్తి మీద మొదలుపెట్టి రాళ్లు, వేర్లు, మలుపులు దాటుకుంటూ కిందిదాకా రావాలి. తొక్కుడు తక్కువ, దిగుడు ఎక్కువ. చిన్నప్పటి నుంచి బొగ్గు బాయి తవ్విపోసిన మట్టి గుట్టల మీద ఆడినదాన్ని, నాకేం భయమని మామూలు సైకిల్ తీసుకొని వెళ్లాను. పేర్లు రాసుకునే చోట ఆకుపచ్చ టోపీ పెట్టుకున్నతను నా బండిని పైనుంచి కిందికి చూసి, ఇది పాలు పోసే బండి, క్యాన్లు ఎక్కడమ్మా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ముందు షాక్ ఫోర్కు, డిస్క్ బ్రేకులు ఉన్న బండి తెచ్చుకుంటే వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఆ టోపీ మీది చెమట మరక కూడా నాకు గుర్తుంది.

ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. అవ్వ పోనీలే అంది. స్నేహితురాళ్లు మరిచిపొమ్మన్నారు. కాక ఒక్కడే గద్దె మీద కూర్చొని మొత్తం విన్నాడు. పాలబండి అన్న మాట దగ్గర ఆపి, మళ్లీ చెప్పించుకున్నాడు. నేను అతణ్ణి తిట్టడం అయిపోయేదాకా ఆగి, "మంచిగ తిట్టినవ్ బిడ్డా. ఇగ బండి చేద్దాం. లేకుంటె వాని మాటనే నిలవడ్తది" అన్నాడు.

అలాంటి బండి కొత్తది కొనే స్తోమత మా ఇంట్లో లేదు. పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగాం. ఎవరి పిల్లలో రెండు నెలలు తొక్కి వదిలేసిన గేర్ల సైకిళ్లు అక్కడ ఉండేవి. కాక ఒక్కో ఫ్రేము అతుకుల మీద పానాతో కొట్టి, చెవి పెట్టి, కాదని పక్కన పడేసేవాడు. దుకాణం అతను విసుక్కుంటే, అల్లుణ్ణి చూడవోయినప్పుడు కూడా గింతే తొందర పడ్తవా అని అడిగాడు. చివరికి ఒకటి దొరికింది. దుబాయిలో ఉన్న మా బావ సెలవుకు వస్తూ, అక్కడి పాత సామాన్ల బజారులో షాక్ ఫోర్కు, డిస్క్ బ్రేకుల సెట్టు కొని తెచ్చాడు. ఆ బరువు వల్లే తనకు రావలసిన దుప్పటి రాలేదని మా అక్క ఈనాటికీ అంటుంది. గేర్లు పీకేశాం, దిగే బండికి అవి బరువే. సీటు పాతదే, తోలు కుట్టించాం. హ్యాండిల్‌కు షామియానా పైపు వంచుదామన్నానని కాక నాతో ఒక పూట మాట్లాడలేదు. హ్యాండిలు, ఫోర్కు, బ్రేకులు, టైర్లు, వీటి దగ్గర పిసినారితనం పనికిరాదని, మిగతా ఎక్కడైనా కడుపు మాడ్చుకోవచ్చని ఆయన లెక్క. మళ్లీ నవ్వుతారు, కనీసం రంగు వేయిద్దామన్నాను. "రంగు చూసి బండి ఆగుతదా?" అన్నాడు. రంగు పడలేదు.

బండి తయారయ్యాక బాయి మట్టి గుట్ట మీదికి ఎక్కించాం. సగం దూరం బాగానే దిగాను. వేగం ఎక్కువైందని ఎడమ చేతి బ్రేకు పట్టాను. మరుక్షణం హ్యాండిల్ మీది నుంచి ఎగిరి ముందు పడ్డాను. మోచేయి గీరుకుపోయింది. కాక వచ్చి, నన్ను లేపి కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి టైరు జాడ చూశాడు. ముందు చక్రం మట్టిని దున్నింది. వెనక చక్రం బిగిసిన గుర్తే లేదు.

"ఏ చెయ్యి పట్టినవ్?"

"ఎడమది. ఎనుక బ్రేకు గదే కదా కాకా."

ఆయన రెండు బ్రేకులూ ఒకటి తర్వాత ఒకటి పట్టి చూశాడు. మన సైకిళ్లకు ముందు బ్రేకు కుడి చేతికి, వెనకది ఎడమ చేతికి ఉంటుంది. దుబాయి నుంచి వచ్చిన సెట్టు అందుకు తిరగేసి ఉంది. వచ్చింది వచ్చినట్టే బిగించాం. బిగించాక ఆయన చక్రాలు తిప్పి ఎన్నోసార్లు బ్రేకులు పట్టి చూశాడు కూడా.

"బ్రేకు చూసిన. నీ చెయ్యి చూడలే" అన్నాడు. తర్వాత, "చెయ్యి మార్చుకుంటవా, తీగలు మార్చాల్నా?" అని అడిగాడు.

నా చెయ్యి మారదన్నాను. నాకంత దెబ్బ తగిలినా ఆయన నవ్వాడు. ఆ పూటే కొత్త తీగలు తెచ్చి, అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు.

మరుసటి ఏడు ఇద్దరం జైనూర్ వెళ్లాం. బండ్లు పరీక్ష చేసేది ఆ ఆకుపచ్చ టోపీ మనిషే. ఈసారి నవ్వలేదు. ఫోర్కు నొక్కాడు, చక్రాలు ఊపి చూశాడు. తర్వాత బ్రేకులు పట్టి, ఉల్టా బిగించారు, ఇట్లా దింపను, మార్చుకొని రండి అన్నాడు. అక్కడున్న ఖరీదైన బండ్లన్నిటికీ ముందు బ్రేకు ఎడమకే. మార్చే సమయం లేదు. ఏడాది చాకిరీ ఆ టేబుల్ దగ్గరే ఆగిపోయేలా ఉంది. నేను గొంతు పెంచబోతే కాక నన్ను పక్కకు జరిపాడు.

"సారు, చిన్నప్పుడు మీ ఇంటికాడ సైకిల్ తొక్కిన్రు కదా. ముందు బ్రేకు ఏ చేతికుండె?"

అతను జవాబు చెప్పబోయి ఆగి, రెండు చేతులూ గాలిలో హ్యాండిల్ పట్టుకున్నట్టు పెట్టాడు. కుడి చేతి వేళ్లు ముడుచుకున్నాయి. కుడికే అన్నాడు. "దిగేది గా బిడ్డ. చెయ్యి కూడ ఆమెదే" అన్నాడు కాక. అందరికంటే చివర దిగమని అతను నా పేరు రాసుకున్నాడు.

దిగాను. పై మలుపు దగ్గర నాకంటే ముందు వెళ్లినవాళ్లలో ఇద్దరు పడిన జాడలు కనిపించాయి. నేను ఎక్కడా పడలేదు. బహుమతి రాలేదు, వరుసలో నడుమ ఎక్కడో నిలిచాను. కింద కాక నా చుట్టూ కాదు, బండి చుట్టూ తిరిగాడు. పక్కన నిలబడ్డ ఊరివాళ్లకు, "ఒక్క జాగల జారలే" అని చెబుతున్నాడు. ఆ బండినీ తన సర్వీసులో కలుపుకున్నాడని నాకు అర్థమైంది. ఆయన అంత నిటారుగా నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

మరునాడు ఒక పేపరు జిల్లా పేజీలో నా ఫోటో వేశారు. తండ్రి సాయంతో పాత సామాన్లతో సైకిల్ చేసిన యువతి అని రాశారు. మా బాపు సిగ్గుపడి ఆ రోజంతా బయటకు రాలేదు. నేను ఆ విలేకరి ఇంటికి వెళ్లి సవరణ వేయమన్నాను. చిన్న తప్పే కదమ్మా అన్నాడు. మళ్లీ వెళ్లాను, మళ్లీ వెళ్లాను. వేయలేదు. "పోనియ్యి బిడ్డా, నా పేరు ఎక్కితె చదివేటోడెవ్వడు" అన్నాడు కాక. ఏ సంగతీ పోనియ్యని మనిషి నోట ఆ మాట వినడం నాకు అన్నిటికంటే కష్టమైంది.

కాక పోయి మూడేళ్లయింది. నేనిప్పుడు బోథ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆ బండి ఇంకా నా దగ్గరే ఉంది, రంగు లేకుండానే. చూసినవాళ్లు ఎక్కడ కొన్నారని అడిగితే కూర్చోబెట్టి చెబుతాను. తొందరలో ఉన్నవాళ్లకు కూడా చెబుతాను. ఎంతసేపు చెబుతావని మా ఇంట్లో విసుక్కుంటారు. విసుక్కోనీ.

మా బాపు బంగారం లాంటి మనిషి. ఆయనకు పానా పట్టడం రాదు. ఆ బండిని చేసింది నస్పూర్ రాజమల్లు. పేపరువాళ్లు వేయలేదు కనుక నేను రాస్తున్నాను.