పోలయ్య తాత తప్పు చెప్పిన చేప కథ

“పాప పట్టాల వైపు వెళ్లిందేమో.”

మా ఆవిడ కనకం ఆ మాట అనేసరికి చెప్పులు కూడా వేసుకోకుండా గడప దాటాను. అలాంటప్పుడు ఎదురుపడకూడని మనిషి పక్క క్వార్టరు పోలయ్య తాత. ఏం చెప్పినా చేపల దగ్గరికి లాక్కుపోతాడు. బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరుగా రిటైరయ్యాడు గాని, వయసులో ఉండగా పాంబన్ వంతెన పనికి వెళ్లి, అక్కడ పగడపు దిబ్బల్లో చూసిన వేలెడు చేపల్ని పాతికేళ్లయినా వదల్లేదు.

షెడ్డులో ఎవరికైనా ప్రమోషన్ వస్తే, పెద్ద చేప పోయాక చిన్నది ఆ చోటికి ఎదిగినట్టే అనేవాడు. పులుసులో ఉప్పెక్కువైందని కోడలు అప్పలనర్సమ్మ నొచ్చుకుంటే, “సముద్రంలో సేపలు ఏటైనా అన్నాయేటే” అనేవాడు.

అన్నిటికన్నా పెద్ద బాధ చారల చేప కథ. సముద్రం అడుగున కుట్టే పువ్వుకి కొంచెం కొంచెంగా ఒళ్లు రాసి అలవాటుపడి, అందులోనే కాపురం పెట్టిన చేప. మా క్వార్టర్ల వరసలో పిల్లలందరికీ రోజూ అదే కథ, అవే మాటలు. అది పువ్వు కాదు, జంతువు అని సైన్సు చదివిన నేను ఎన్నిసార్లు చెప్పానో. “అచ్ఛా” అని మళ్లీ పువ్వే అనేవాడు.

ఆ సాయంత్రం షంటింగు ఇంజను కూతకి జడిసి మా నాలుగేళ్ల చిన్నమ్మి మాయమైంది. వరసంతా పేరు పెట్టి అరుస్తోంది. యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. నేను పరుగెత్తబోతే తాత చెయ్యి పట్టుకున్నాడు.

“పట్టాలకాడికి మా కుర్రోణ్ణి సూర్యాన్ని పంపినాను. అరిస్తే సేప ఇంకా లోపలికి పోద్ది. కూకో బాబూ.”

విడిపించుకోలేకపోయాను. ఫిట్టరు పట్టు. అందరి నోళ్లూ మూయించి, తన పెరట్లో చతికిలబడి, ఎదురుగా ఒక్క పిల్లయినా లేకుండా కథ మొదలెట్టాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

“పువ్వు మొదలుకాడ సేపలు గుడ్లెట్టినాయి. అప్పుడు తల్లి సేప కాపలా కూకుంది...”

“కాదు,” అంది కోళ్ల గంప. “నాన్న సేప.”

ఎత్తి చూస్తే చిన్నమ్మి. పక్కనే, చోటు చాలక విసుక్కుంటూ ఒక పెట్ట.

పాపని లాక్కుని గుండెకి హత్తుకున్నాను. తాత మాత్రం మామూలుగానే ఉన్నాడు.

“పట్టాల పక్క పిల్లలు బాబూ. జడిసి దాక్కున్నోళ్లు పిలిస్తే పలకరు. తప్పు సెప్తే ఊరుకోలేరు. అందుకే ఇన్నాళ్లూ అందరికీ ఒకలాగే సెప్పినాను.”

“అది పువ్వు కాదు తాతా,” అన్నాను.

“అచ్ఛా,” అన్నాడు. “పిల్ల కనబడకపోతే ఒకణ్ణి పట్టాలకాడికి తోలు. నువ్వు కూకుని కథ తప్పు సెప్పు.”

ఇప్పుడు చిన్నమ్మి దాక్కున్నప్పుడల్లా అలాగే చేస్తున్నాను. అయితే నాన్న చేప దగ్గర తప్పు చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకని, కుట్టేది జంతువు అంటాను. మంచం కిందనుంచి వెంటనే జవాబొస్తుంది:

“కాదు, పువ్వు.”