ఎద్దులకు తెలిసిన దోవ

ఎనభైల మొదట్లో ఒక రోజు, జన్మలో కారు కొనకూడదని నిర్ణయించుకున్నాను. ఆదోనిలో బడిపంతులుగా నాకొచ్చే జీతానికి స్కూటరు కూడా అందదు కాబట్టి ఈ త్యాగం పెద్ద కష్టమనిపించలేదు. మోటారు పొగ గాలిని పాడుచేస్తోందని ఏదో పత్రికలో చదివాను. ఆ రోజు నుంచి కారూ వద్దు, స్కూటరూ వద్దు, చివరికి బస్సూ వద్దన్నాను. మా వీధిలో ఎవరికీ కారు లేదు, అందువల్ల నా గొప్ప ఎవరి కంటా పడేది కాదు. నేనే చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా అయిన పక్కింటాయన ఒకసారి ఓపిగ్గా అంతా విని, "కొనల్యానోడు కొననన్నాడంట. బాగుండాది సారూ" అన్నాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుందని ఆయన భార్య లోపలి నుంచి అందించింది. నాకు ఒళ్లు మండింది. పట్టుదలా పెరిగింది.

ఆ పత్తి సీజనులోనే మా ఆవిడకు ఎమ్మిగనూరులో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. పదకొండు గంటలకు అక్కడ ఉండాలి. పెళ్లయ్యాక ట్రైనింగు పూర్తిచేసి, రెండేళ్లుగా ఆమె ఎదురుచూసిన పిలుపు అది. "బస్సుకు పోదామండీ" అంది. నేను గాలి గురించీ రాబోయే తరాల గురించీ ఉపన్యాసమిచ్చి, తెల్లవారుతుండగా ఆమెను సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టుకుని బయలుదేరాను. సర్టిఫికెట్ల సంచి ఆమె ఒళ్లో ఉంది.

సగం దూరం పోయాక తుమ్మముల్లు దిగి ముందు టైరు కూర్చుంది. పంపు తెచ్చాను గానీ పంచరు వేసే సామాను తేలేదు. చాలాసేపటికి వచ్చిన బస్సు, తలుపు దగ్గర వేలాడే జనంతో, చెయ్యెత్తినా ఆగకుండా పోయింది. దాని పొగ మా ముఖాన కొట్టింది. "చూశావా" అన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

ముందురోజు ఆదోని మార్కెట్ యార్డులో పత్తి అమ్మి, ఖాళీ ఎద్దులబండితో తిరిగివస్తున్న రైతు ఒకాయన మమ్మల్ని చూసి ఆగాడు. "ముందర ఊర్లో సైకిలు షాపుండాది, బస్సు గూడా నిలుస్తాది. ఎక్కండి సారూ." సైకిలును కూడా బండిలో వేసుకున్నాం. యార్డు ముందు బండ్ల వరుసలో రాత్రుళ్లు మేలుకున్న మనిషి, "ఎద్దులకు దోవ తెలుసులెప్పా" అని తుండుగుడ్డ ముఖాన కప్పుకుని పడుకున్నాడు. యార్డు నుంచి తిరిగొచ్చే బండివాళ్లంతా అంతే. నేను ఎద్దుల గొప్పతనం అందుకున్నాను. పొగ లేదు, పెట్రోలు లేదు, మనిషి నిద్రపోయినా దారి తప్పదు.

"రోడ్డు అట్ల పోతాంది కదండీ, మనం ఇట్ల వచ్చినామే?" అంది ఆమె మధ్యలో.

"ఎద్దులకు తెలుసు" అన్నాను.

నిజంగానే తెలుసు. మట్టిదారి పట్టి, నేరుగా తమ ఇంటికి పోయి, గాడి ముందు నిలబడి మేత మొదలుపెట్టాయి. రైతు లేచి మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు. "మీరున్నేది మర్సిపోయి పండుకుంటి సారూ." టైము పది కావస్తోంది. మా ఆవిడ సంచిని గుండెకు హత్తుకుని నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

రైతు పరుగున పోయి, ఆ ఊళ్లో పత్తి కొనడానికి వచ్చిన సాయిబును పిలుచుకొచ్చాడు. అతని మోటారుసైకిలు మా వీధి మొత్తానికి సరిపడా పొగ వదులుతోంది. "ఎక్కక్కా, నేను గూడా ఎమ్మిగనూరుకే పోతాండా" అన్నాడు. ఆమె నా వైపు చూడకుండా ఎక్కింది.

"జోరుగా తోలు భాయ్" అని అరిచింది నేనే.

సైకిలు తోసుకుంటూ, దొరికిన చోట పంచరు వేయించుకుని నేను ఇల్లు చేరేసరికి, ఆమె బస్సులో వచ్చి వంట కూడా చేసింది. టైముకు అందుకున్నానని, ఉద్యోగం వచ్చేటట్టే ఉందని చెప్పింది. అన్నం వడ్డిస్తూ నెమ్మదిగా అంది. "మీ వ్రతం మంచిదే, నేను కాదనను. వ్రతం మీరు పట్టి, ఉపాసం నాతో సేయించొద్దండి."

నాకు సిగ్గేసింది. ఇప్పటికీ నాకు కారు లేదు, సైకిలే. దాని క్యారియరు మాత్రం ఆ వారమే తీయించేశాను.