పాకాల స్టేషన్లో నన్ను పేరు పెట్టి పిలిచిన స్వరం

“ఇదో మేరీ, నిన్నెవురో పిలస్తాండారు.”

“పిలవనీ. నువ్వు గమ్మున పడుకో.”

మా ఆయనా నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలివి. ఆస్పత్రి మంచం మీద కూడా నన్ను ఏడిపించడం మానలేదు, మహానుభావుడు. పెళ్లయిన కొత్తలో నేను చేసిన ఘనకార్యం అలాంటిది. చెబుతాను. చేతిలో నీళ్లలోటా ఉంటే కింద పెట్టి మరీ వినండి, పొలమారితే నా పూచీ లేదు.

డెబ్బైల నాటి మాట. మాది మదనపల్లె వైపు పల్లె. కాపురానికి పాకాల వచ్చి నెల కూడా కాలేదు. మా ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్, బండ్లకు పట్టాలు మార్చే పని. మా క్వార్టర్సు స్టేషన్‌కి ఎంత దగ్గరంటే, ఇంజను తుమ్మితే మా పొయ్యి ఆరిపోయేది.

అప్పుడే నాకు చిత్తూరులో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆయా పని దొరికింది. పొద్దుటి బండికి పోయి సాయంత్రం బండికి రావచ్చు. సోమవారం చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. నాకేమో ప్రాణమంతా అక్కడే ఉంది. మా ఆయన ఒప్పుకుంటేనా! “నువ్వు దినామూ రైలెక్కి పోతే నాకు సంగటి ఎవురు చేసిపెడతారు?” అని ఒకటే పాట.

ఆ ఆదివారం పాస్టరయ్య దేవుని స్వరం గురించి ప్రసంగించారు. “దేవుడు ఈ కాలంలోనూ పేరు పెట్టి పిలుస్తాడు. కాకపోతే, వినాలంటే ముందు మనం నోరు మూసుకోవాలి” అన్నారు. మా ఆయన మగవాళ్ల వైపు నుంచి మెడ సారించి మరీ నన్ను చూశాడు.

ఇంటికి వస్తూ దారిలోనే పట్టుకున్నాను.

“దేవుడు నన్ను పేరు పెట్టి పిలిస్తే పోనిస్తావా?”

“ఆయప్పే పిలిస్తే అడ్డం చెప్పేదానికి నేనెవుర్నే?”

“మాట తప్పవు గదా?”

“తప్పను. అయితే మూడు తూర్లు పిలవాల. ఒగ తూరికి ఒప్పుకోను.”

సోమవారం తెల్లవారగానే వంటింట్లో మోకరించాను. “ప్రభువా, పిలిచేదుంటే కొంచెం తొందరగా పిలువు, బండికి టైమయిపోతాంది” అని ప్రార్థన. ఇంతలో స్టేషన్ వైపు నుంచి, పొగలోంచి, గంట మోగినట్టు ఒక గొంతు: “మేరీ...” నా ఒళ్లు జల్లుమంది. “మేరీ...” మళ్లీ. “మేరీ...” మూడోసారి!

“విన్నావా అయ్యా?” అని కేకపెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు. నా చెప్పులు, కూటి క్యారియరు పట్టుకుని వెనకాలే మా ఆయన.

ప్లాట్‌ఫారం ఎక్కానో లేదో, సరిగ్గా నా వీపు వెనక “మేరీ!” అంతే, జనం మధ్యలో కుప్పకూలినట్టు మోకాళ్ల మీద పడి, కళ్లు మూసుకుని, చేతులు చాచాను.

“ఈడనే ఉండాను ప్రభువా! ఏం చెయ్యమంటావో చెప్పు!”

“టంబ్లరు పట్టుకో తల్లీ” అంది స్వరం.

చేతిలో చల్లగా ఏదో పడింది. కళ్లు తెరిచాను. తలపాగా, బారు మీసాలు, చంకలో కుండతో ఒక అరవ తాత.

“ఏంది సామీ ఇది?”

“మోరు. మీ తెలుగులో మజ్జిగ. మోరే, మోరే అని అంతసేపు కూస్తాండానే, వినపడలా?”

“విన్నాను సామీ” అన్నాను. “బాగా విన్నాను.”

మా ఆయన క్యారియరు పక్కన పెట్టి, నేల మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. గార్డు ఈల వేశాడు. నాకు ఏడుపొచ్చింది.

“పద, ఇంటికి పోదాం. నన్ను ఏ దేవుడూ పిలవలేదు.”

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. “పిలవకుంటే ఏమే? నాలుగు దినాల్నుంచి నిద్దట్లో కూడా చిత్తూరు చిత్తూరు అని పలవరిస్తాండావు. వినపడతానే ఉండాది, విననట్టు ఉండాను. ఎక్కు. సంగటి నేనే గెలుక్కుంటాలే.”

అని నన్ను పెట్టెలోకి తోశాడు. కదిలే బండి వెంబడి తాత పరుగు: “టంబ్లరమ్మా! నా టంబ్లరు!”

ఆ హాస్టల్లోనే తల నెరిసేదాకా పనిచేశాను. ఆ పూట దేవుడు మాట్లాడలేదని నేననను. నేను చెవి పెట్టింది ఒక వైపు, ఆయన మాట్లాడింది మా ఆయన నోట.

అయినా సంఘం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఆకాశం చీల్చుకుని పిలిచినా సరే, “ఏం అమ్ముతాండావు సామీ?” అని అడగకుండా మోకాళ్లు వంచను.

అయిందమ్మే రోజా. ఏదీ, నేను చెప్తాంటే నువ్వు రాసిందంతా ఒగసారి మొదట్నుంచీ చదువు. ఎంతైనా మా అక్క మనవరాలివి. నీ తొందరలో మోరు ఉండాల్సిన చోట మేరీ అని రాసినావేమో సూడాల.