దేవుడి కుడిచేతి వైపు: సిరుగుప్ప దగ్గర ఒక పంచాయతీ సంతకం

ఈ ప్రయాణం ఫోన్‌లో జరిగిన ఒక వాదనతో మొదలైంది. నేను గుంటూరు దగ్గర హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నాతో పనిచేసిన ఒక మాస్టారి బావగారు రాఘవయ్య గారు. వాళ్ల నాన్నగారి కాలంలోనే తెనాలి వైపు నుంచి బళ్లారి జిల్లాకు వెళ్లి, సిరుగుప్ప తాలూకాలో కాలువ కింద పొలం కొనుక్కుని స్థిరపడ్డారు. ఆయనకీ నాకూ నెలకో ఫోనుంటుంది. ఈసారి ఆయన గొప్పగా చెప్పిన సంగతేమిటంటే, వాళ్ల ఊరి పంచాయతీ అధ్యక్షురాలు ఈరమ్మ ముఖ్యమైన కాగితం దేనిమీద సంతకం పెట్టాలన్నా ముందు ఆంజనేయస్వామిని అడుగుతుందట. ఆయన సరేనంటేనే పెన్ను తీస్తుందట. నాకు ఒళ్లు మండింది. "పదవిలో ఉన్న మనిషి భక్తి ఇంటి గడప దాటకూడదండీ, ఆఫీసుకు చట్టం ఉంది" అన్నాను. "మీరు పుస్తకాల్లో చదివారు మాస్టారూ, మేం కళ్లతో చూస్తున్నాం. ఈ శనివారం తొమ్మిదిన్నరకి ప్రసాదం ఉంది. వచ్చి చూడండి, మీ పాఠం మీరే దిద్దుకుంటారు" అన్నారాయన. ఆ మాటకు మా ఆవిడ నవ్వి, "రిటైరయ్యాక కూడా పరీక్ష పెట్టడానికి బయల్దేరారన్నమాట" అంటూ సంచి సర్దింది.

గుంటూరులో రాత్రి ఎక్కిన రైలు తెల్లవారేసరికి బళ్లారిలో దింపింది. స్టేషన్ నుంచి బస్టాండుకి ఆటో. అక్కడ సిరుగుప్ప బస్సు కోసం పది నిమిషాలకు మించి ఆగనక్కర్లేదు. టికెట్టు వంద రూపాయల లోపే. ఆ రాష్ట్రం ఆధార్ ఉన్న ఆడవాళ్లకు అసలు టికెట్టే లేదు, అందుకని బస్సులో సగం మంది వాళ్లే, సీటు కావాలంటే ఎక్కడ బస్సు బయల్దేరుతుందో అక్కడే ఎక్కడం మంచిది. గంటన్నర ప్రయాణంలో మొదటి సగం పత్తి, మిరప, ఎర్రటి ఎండు నేల. తర్వాత కాలువ కనిపిస్తుంది, అక్కణ్ణుంచి రెండువైపులా వరి తప్ప ఇంకేమీ లేదు. వరి ఒత్తుగా, ఏ మూలా ఖాళీ లేకుండా ఉంది. గుంటూరు వాణ్ణి కదా, కొంచెం అసూయ కూడా కలిగింది. ఎనిమిదిన్నరకు సిరుగుప్పలో దిగాను. ఆకలి దంచేస్తోంది గానీ ప్రసాదం ఉందన్నారు కదా అని ఓర్చుకున్నాను. పులిహోరో చక్రపొంగలో, ఏదైనా సరే అనుకున్నాను.

దేశనూరు వైపు వెళ్లే ఆటోల్లో ఒకదాన్ని మాట్లాడుకున్నాను. ఆటో నడిపే ఆయన పేరు మాబు, నలభై ఏళ్లుంటాయి. మనిషికి ముప్పై అడుగుతారు, నేను ఒక్కణ్ణే వెళ్లాలన్నాను కాబట్టి నూట యాభై అయింది. "యాడికి సార్?" అని అడిగితే ఊరి పేరు చెప్పి, ఆంజనేయ గుడిలో ప్రసాదం ఉందట, టిఫిన్ కూడా మానేశానన్నాను. మాబు బండి ఆపి మరీ నవ్వాడు. "అయ్యో సార్, అది తినే ప్రసాదం గాదప్పా! దేవుని మీద తడి పూలు పెడతారు. ఎదురుగా కూచొని మనసులో ఒకటి అడుగుతారు. బలగడె పూవు రాలితే ఔనని, ఎడగడె రాలితే లేదని. దాన్నే ఈడ ప్రసాదం అంటారు. ఆ పూవు తింటావా ఏంది? రా, రొవ్వంత ఉగ్గాని తిని పోదాం, టైముండాది." బలగడె అంటే కుడివైపు, ఎడగడె అంటే ఎడమవైపు. కన్నడ మాటలే, కానీ అక్కడ తెలుగువాళ్లంతా అలాగే అంటారు.

బస్టాండు పక్క బండిలో ఒకావిడ నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పక్కన పొడుగాటి మిరపకాయ బజ్జీలు వేసి ఇచ్చింది. నలభై రూపాయలకు కడుపు నిండిపోయింది. తింటుండగా అసలు సంగతంతా మాబు చెప్పాడు. ఊళ్లో గుడి పక్కన పంచాయతీది ఖాళీ జాగా ఉంది. అంగన్‌వాడీకి బిల్డింగు మంజూరైంది గానీ, జాగా ఇస్తున్నామని పంచాయతీ ఠరావు, అంటే తీర్మానం, సోమవారంలోగా పంపకపోతే ఆ బిల్డింగు వేరే ఊరికి పోతుంది. ఇప్పుడు అంగన్‌వాడీ రైసుమిల్లు వెనక ఒక అద్దె గదిలో నడుస్తోంది. నెలాఖరుకు ఖాళీ చెయ్యమని గది ఓనరు చెప్పేశాడు. అయితే అదే జాగాలో భజన మందిరం కట్టాలని గుడి కమిటీ అడుగుతోంది. ఆ కమిటీకి పెద్ద మరెవరో కాదు, నన్ను పిలిచిన రాఘవయ్య గారే. ఈ ముక్క ఆయన ఫోన్‌లో చెప్పలేదు. "మా పాప ఆ అంగన్‌వాడికే పోతాది సార్. అది పోతే కాలువ దాటి పక్కూరికి పంపాల. మూడేండ్ల పిల్లను ఎవురు పంపుతారు చెప్పు?" అన్నాడు మాబు. మరి ఆవిడ దేవుణ్ణి అడిగి చెప్తాననడం నీకు నచ్చిందా అని అడిగాను. మాబు బజ్జీ తొడిమ పారేసి, "మావోల్లం గూడా ఆయమ్మకే ఓటేసినాం సార్. దేవునికి భయపడే మనిసి మోసం చెయ్యదని. ఇప్పుడేమో ఆ భయమే నాకు భయంగా ఉండాది" అన్నాడు.

తొమ్మిదింపావుకు గుడి దగ్గర దిగాం. చిన్న గుడి, ముందు రేకుల పందిరి. యాభై అరవై మంది దాకా చేరారు. రాఘవయ్య గారు తెల్ల పంచెతో ఎదురొచ్చి, నా చెయ్యి పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన ముఖంలో పెళ్లివారి కళ ఉంది. ఈరమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, ఎండకు నల్లబడిన ముఖం, కాళ్లకు చెప్పుల్లేవు. రెండు ఎకరాల కౌలు చేసుకుంటూ, వరినాట్ల ముఠాకు మేస్త్రమ్మగా ఉండి, అధ్యక్షురాలైందట. శనివారం పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదని పక్కాయన చెప్పాడు. ఆమెకు కాస్త వెనగ్గా ఒక సన్నపాటి అమ్మాయి, నీలం అంచు చీరలో, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడి ఉంది. అంగన్‌వాడీ టీచరు సరోజ ఆమేనని మాబు సైగ చేశాడు.

పూజారి విగ్రహం భుజాల మీద, ఛాతీ మీద తడి పూలు ఒక్కొక్కటీ అతికించాడు. ఈరమ్మ ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకుంది. అడిగేది పైకి అనరు, మనసులోనే అడుగుతారు, అదే ఆచారం. పది నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి. ఒక పూల రేకు కదిలితే చాలు జనమంతా ముందుకు వంగుతున్నారు. నాకు మొదట్లో విసుగు, ఆ తర్వాత చిరాకు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, పావుగంట దాటేసరికి నేను కూడా ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఉన్నట్టుండి ఒక ఎర్ర మందారం జారి కిందపడింది. నాకు కుడివైపున పడింది. సరోజకు మంచి జరిగిందన్న సంబరంలో "కుడివైపే!" అని పైకే అనేశాను. అందరూ నావైపు తిరిగారు. రాఘవయ్య గారు నా మోకాలు తట్టి, "మీకు కుడి మాస్టారూ. స్వామికి ఎడమ. లెక్క ఆయన కుడిచేతిదే గానీ మనది కాదు" అన్నారు, ఎంతో మృదువుగా. ఆయన వెనక కమిటీ వాళ్లు చేతులు జోడించి జై కొట్టారు. సరోజ చేతిలోని కొంగు వదిలేసి అక్కడే కింద కూర్చుండిపోయింది.

పంచాయతీ ఆఫీసు గుడికి నూరు అడుగుల దూరం. జనమంతా అటే నడిచారు. లోపల మెంబర్లు కుర్చీల్లో, మిగతావాళ్లం కిటికీల దగ్గర. ఈరమ్మ కుర్చీలో కూర్చుని ముఖం తుడుచుకుని, రిజిస్టరు ముందేసుకుని ఉన్న అధికారితో కన్నడంలో "ఠరావు బరీరి సార్" అంది, తీర్మానం రాయండని. తర్వాత తెలుగులో, అందరికీ వినిపించేలా, "గుడి పక్క జాగా అంగన్‌వాడికి ఇస్తాండాము అని రాయండి" అంది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. రాఘవయ్య గారు లేచి నిలబడ్డారు. "ఏంటమ్మా ఈరమ్మా! స్వామి ఎడమనిచ్చాడు కదా. ఇంతమందిమి చూశాం. దేవుడు కాదన్నాక నువ్వు ఔనంటావా?"

"నేనెందుకంటానప్పా? ఆయప్ప మాట దాటితే నాకు పుట్టగతులుంటాయా?" అంది ఈరమ్మ. "నేనేమడిగినానో నీకు తెలుసునా? అంగన్‌వాడికి ఇయ్యల్లా వద్దా అని నేనడగలే. 'స్వామీ, నీ గుడి పక్క జాగా నీకు కావల్లా' అని అడిగినా. ఎడగడె ఇచ్చినాడు. నాకొద్దు అన్నాడు. ఆయప్పే వద్దన్నాక మీకెందుకప్పా?"

కిటికీ దగ్గర ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. మెంబర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అడిగింది అది కాదని ఎవరూ అనలేరు, మనసులో అడిగే ఆచారం పెట్టింది వాళ్లే. ఈరమ్మ సంతకం పెట్టింది, మెంబర్లు ఒకరొకరుగా పెట్టారు. సరోజ గోడకానుకుని ఏడుస్తూ నవ్వుతోంది. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. అహా, ఎంత తెలివైన మనిషి, భక్తిని అడ్డం పెట్టి భక్తుల్నే బోల్తా కొట్టించింది అనుకున్నాను. మధ్యాహ్నం రాఘవయ్య గారింట్లో భోజనం, గోంగూర పచ్చడి తెనాలి రుచి పోకుండా ఉంది. ఆయన మాత్రం ముద్ద కలుపుతూ, "నమ్మకం ఉన్న మనిషని ఓట్లేశామండీ. ఇంత తెలివి ఉంటుందనుకోలేదు" అన్నారు. నేను నవ్వు ఆపుకోవడానికి మజ్జిగ తాగాను.

మూడు గంటలకు తిరుగు ప్రయాణం. మాబు కూతుర్ని కూడా ఎక్కించుకోవాలని అంగన్‌వాడీ దగ్గర ఆటో ఆపాడు. ఒక్కటే గది. మూలనంతా తడి, పైన రేకుల్లోంచి వెలుతురు. ఆవలి గోడ మిల్లుది, మిషను తిరుగుతుంటే పలకలు కూడా కదులుతున్నాయి. ఈరమ్మ అక్కడే ఉంది, కొత్త గది ఎంత పొడవు కట్టాలో సరోజతో మాట్లాడుతోంది. సరోజ నాకు టీ గ్లాసు అందించింది. ఈరమ్మ ఉపవాసం కదా, తాగలేదు. నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "మీరు భలే ప్రశ్న అడిగారమ్మా. ఒకవేళ పూవు కుడివైపు పడి ఉంటే ఏం చేసేవారు?" అన్నాను. ఏదో తెలివైన జవాబు వస్తుందనీ, ఇద్దరం కలిసి నవ్వుకుంటామనీ అనుకున్నాను.

ఈరమ్మ నావైపు వింతగా చూసింది. "ఇచ్చేసేదాన్ని సార్. గుడికే. కావల్లా అని అడిగి, కావల్ల అన్నాక ఇయ్యకుంటే ఎట్ల? నేనేమి ఆటకు అడిగినానా?"

ఆవిడ ఎవరినీ బోల్తా కొట్టించలేదు. నిజంగానే అడిగింది, నిజంగానే జవాబు కోసం కూర్చుంది. పొద్దున ఆ ఇరవై నిమిషాలూ ఈ గది, ఈ పిల్లలు ఒక తడిపూవు మీద వేలాడారు. సరోజ టీ గ్లాసులు కింద పెట్టింది. పొద్దుట్నుంచీ ఆ అమ్మాయి గట్టిగా మాట్లాడటం నేను వినలేదు, అప్పుడూ గట్టిగా అనలేదు. "అక్కా, నీకు దండం పెడతా. ఇంగ మా సంగతి ఆయప్పను అడగద్దు. నీకు తోచింది నువ్వే చెయ్యి. ఇయ్యకుంటే ఇయ్యకు. నువ్వు తప్పు చేస్తే నీ ఇంటి ముందు నిలబడి తిడతా, మల్ల ఓటెయ్యను. ఆయప్ప తప్పు చేస్తే యాడికి పోయి అడగల్ల?"

ఈరమ్మ లేచి, కొంగు సర్దుకుని, "కొలత తప్పుగా రాసినావేమో, మల్లొకసారి కొలుద్దాం రా" అంటూ టేపు చేతిలోకి తీసుకుంది. ఒప్పుకుందో లేదో నాకు తెలియదు. మాబు కూతురు ఆటోలో నా పక్కన కూర్చుని సిరుగుప్ప దాకా నా గడియారంతో ఆడుకుంది.

బస్సు కిటికీ దగ్గర కూర్చుని నేను ఎవరు గెలిచారో లెక్క వేయబోయి మానేశాను. ఆ నమ్మకమే లేకపోతే కౌలుకు చేసుకునే ఈరమ్మ, ఊళ్లో సగం పొలమున్న కమిటీని ఎదిరించి ఆ సంతకం పెట్టగలిగేదా? పెట్టలేదనే నాకనిపిస్తోంది. ఆ ధైర్యం ఆమెకు ఆంజనేయుడే ఇచ్చాడు. అదే ధైర్యంతో, అంతే నిజాయితీగా, మూడేళ్ల పిల్లల్ని కాలువ దాటించి ఉండేది కూడా. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి, ఒకటి ఉంచి ఒకటి తీసెయ్యడం కుదిరే పని కాదు. నాయకుడికి భక్తి ఉండాలా వద్దా అని వాదించడం నాకు తేలికే. సరోజ అడిగిన ప్రశ్న మాత్రం నేను ఏ పరీక్షలోనూ ఇవ్వలేదు. అటు వెళ్లేవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి చెప్తాను. ఆ గుడిలో ప్రసాదం అడగాలంటే ముందురోజే పూజారికి చెప్పి, శనివారం తొమ్మిదిలోపు చేరాలి. అడిగేది మీ సొంత సంగతైతే మనసులో అడగండి. పదిమంది సంగతైతే దయచేసి పైకి అడగండి.