పుచ్చిన పన్ను, పలికిన సాక్ష్యం

ఇంతకాలం నన్ను ఓర్చుకున్న దేవునికి స్తోత్రం. నా లోపలిదంతా ఎరిగి కూడా తన సన్నిధిలోంచి నన్ను తోసివేయని తండ్రికి మహిమ కలుగును గాక.

నా చిన్నప్పుడు, డెబ్బయ్యో దశకంలో, మేము పామర్రులో ఉండేవాళ్ళం. నాకు పన్నెండేళ్ళప్పుడు కుడి దవడ పన్ను ఒకటి పుచ్చి, చెరుకు కొరుకుతుంటే సగానికి విరిగింది. చెంప బూరెలా పొంగింది. బెజవాడ తీసుకువెళ్ళి పీకించేద్దామని నాన్న అన్నారు. శుక్రవారం ఉపవాస కూటం అయ్యేదాకా ఆగాలని అమ్మ పట్టుబట్టింది. కూటంలో ఆడవాళ్ళంతా నా చెంపకు నూనె రాసి, చేతులుంచి ప్రార్థించారు. ఆదివారానికి నొప్పి తగ్గింది. అమ్మ మోచేత్తో పొడిస్తే లేచి నిలబడి, దేవుడు నా పన్ను బాగుచేశాడని సాక్ష్యం చెప్పాను. మందిరమంతా హల్లెలూయా అంది. అమ్మ ముఖం అంతగా వెలగడం అంతకుముందు నేను చూడలేదు.

బుధవారానికి నొప్పి తిరిగి వచ్చింది.

"సాక్ష్యం చెప్పి వారం కాలేదే! ఇప్పుడు పీకిస్తే జనం ఏమనుకుంటారు? దేవుడికెంత అవమానం! ఓర్చుకో," అంది అమ్మ. నాన్న బెజవాడ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను సాక్ష్యం చెప్పిన ఆదివారం ఆయన చెయ్యి కూడా ఎందరో పట్టుకుని ఊపారు. నెల రోజులు లవంగం నొక్కిపెట్టుకుని, ఎడమ పక్కనే నమిలి, మందిరంలో నవ్వుతూ తిరిగాను.

కనిపెట్టింది పాస్టరుగారి భార్య. పాస్టరమ్మగారు అనేవాళ్ళం. సండే స్కూలు ఆవిడే నడిపేవారు. ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి చేతిలో జంతిక పెట్టారు.

"ఏదీ, కుడి పక్కన కొరుకు చూద్దాం."

ఏడ్చేశాను. ఆవిడ తలుపు దగ్గరగా వేసి, తన నోట్లోంచి రెండు కట్టుడు పళ్ళు తీసి అరచేతిలో చూపించారు. "నేనూ ప్రార్థన చేసుకునే పీకించుకున్నానే. దేవుడి పరువు నీ పుచ్చుపన్ను మీద నిలబడి లేదు, పిచ్చిమొహమా," అన్నారు, ఆ సందు కనబడేలా నవ్వుతూ.

సండే స్కూలు పుస్తకాలు తేవడానికి తోడు కావాలని అమ్మతో చెప్పి నన్ను బెజవాడ బస్సెక్కించారు. పుస్తకాలు నిజంగానే కొన్నారు. పళ్ళ డాక్టరు సంగతే చెప్పలేదు.

నెల క్రితం వస్తే ఒక పన్నుతో పోయేదని, ఇప్పుడు చీము పక్క పన్ను కిందికి కూడా దిగిందని, రెండూ తియ్యాలని డాక్టరు అన్నాడు. పాస్టరమ్మగారు నా వైపు తిరిగారు. "నీ నోరు, నువ్వే చెప్పు. తియ్యమందామా, ఇంటికెళదామా?" అప్పటిదాకా పెద్దవాళ్ళెవరూ నన్ను ఆ మాట అడగలేదు. తియ్యమన్నాను.

దూది పెట్టుకున్న నా చెంప చూడగానే అమ్మకు అర్థమైంది. తనే వెళ్ళి సంఘ పెద్దలకు చెప్పింది. ఆదివారం పాస్టరమ్మగారిని అందరి ముందూ నిలబెట్టి, పసిదాని విశ్వాసాన్ని చెరిపారన్నారు. ఒక పెద్దాయన నన్ను లేపాడు.

"నొప్పి పోయిందన్నది నువ్వే కదమ్మా? మరి పీకించమని నువ్వడిగావా?"

అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. నేను అడగలేదన్నాను.

పాస్టరమ్మగారు ఒక్కసారి నా వంక చూశారు. తప్పంతా తనదేనని క్షమాపణ చెప్పి కూర్చున్నారు. పాస్టరుగారు తలెత్తలేదు. సండే స్కూలు ఆవిడ చేతుల్లోంచి తీసేశారు. ఆ వేసవిలోనే వాళ్ళను మైలవరం వైపు పంపించేశారు. మళ్ళీ నేను ఆవిడను చూడలేదు.

ఇప్పటికీ ఎవరైనా ఒంట్లో బాగాలేదని ప్రార్థన కోరితే, ప్రార్థించి, వెంటనే వాళ్ళతో ఆస్పత్రికి నేనే వెళతాను. సంఘంలో అది నా మంచితనం అనుకుంటారు. ఇవాళ్టిదాకా ఎవరికీ కారణం చెప్పలేదు. అమ్మను ఎప్పుడో క్షమించాను. నన్ను క్షమించవలసిన మనిషి ఎక్కడ కన్నుమూశారో కూడా నాకు తెలియదు.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతోపాటు కళ్ళు మూసుకోండి. ప్రభువా, నీ పేరు కాపాడుతున్నామనుకుని మేము నలగగొట్టినవారిని నువ్వే లేవనెత్తు. మేము నోరు విప్పని చోట నువ్వే వాళ్ళ పక్షాన మాట్లాడు. ఆమేన్.