ముత్తయ్య మామ భుజాన డప్పు

నిన్న మధ్యాహ్నం జగదల్‌పూర్‌లో మా ఆసుపత్రి గేటు పక్కన పెళ్లివాళ్లు గడ్డిమంట వేసి డప్పులు కాపుతున్నారు. వేడెక్కిన తోలు వాసన కిటికీలోంచి మా సహాయ కేంద్రం గదిలోకి వచ్చింది. పక్క బల్ల దగ్గర కూర్చునే రావుగారు ఎవరో డాక్టరు సంగతి చెబుతూ, "ఆయనకు సొంత డప్పు ఎక్కువమ్మా" అని నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఒకప్పుడు ఆ మాటే నేనొక మనిషిని అన్నాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఆ మనిషి ముత్తయ్య మామ. సుక్మా జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకున్న మా అత్తగారి ఊరికి కోట్వార్. సర్కారు కబురు ఏదొచ్చినా డప్పు కొట్టి చెప్పడం, చావుపుట్టుకలు ఠాణాలో రాయించడం ఆయన పని. మా అత్త దాన్ని టముకు అనేది. మిగతావాళ్లు చాటింపు అనేవారు, బడిపంతులు దండోరా అనేవాడు, సుక్మా నుంచి వచ్చే ఆఫీసు బాబులు మునాది అనేవారు. ఎవరు ఏ పేరు పెట్టినా కొట్టేది మామే. టీకాల సంగతైనా, శబరి నది పొంగుతోందన్న సంగతైనా మా వాడలో తెలుగులో, పై వాడలో దోర్లీలో, రోడ్డు మీద హిందీలో చెప్పేవాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఉప్పు కొనడానికి వెళ్లినా ఆయన భుజాన డప్పు ఉండాల్సిందే! చాటేదేమీ లేకపోయినా వీధి మొదట్లో రెండు దెబ్బలు వేసి మరీ వచ్చేవాడు. కొత్త కోడలిని, నోరు కాస్త ఎక్కువ. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు బీడీకి నిప్పు కోసం మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో పదిమంది ఆడవాళ్లున్నారు.

"ఏంది మామా, నిప్పుకు గూడ డప్పేనా? ఎప్పుడు జూసినా నీ డప్పు నువ్వే కొట్టుకుంటవ్!" అన్నాను.

ఒక్కరూ నవ్వలేదు. "ఊకోవే" అని అత్త కసిరింది గానీ ఎందుకో చెప్పలేదు. అలాంటివి నోటితో అనకూడదట. మామకు కోపం రాలేదు. "కొట్టుకోనీ బిడ్డా. ఇది మోగినంతసేపు మీరు నిమ్మళంగ ఉంటరు" అన్నాడు. ముసలాయనకు చాదస్తం అనుకున్నాను.

ఆ ఏడు మా ఆయన సోమయ్య మిరపకాయలు ఏరడానికి ఖమ్మం వైపు వెళ్లాడు. నేను వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాను. మామ వచ్చాడు. భుజం ఖాళీగా ఉంది. నా తెలివితక్కువతనం చూడండి, నవ్వాను.

"ఏంది మామా, ఇయ్యాల డప్పు యాడ పారేసినవ్?"

గడపలో ఉన్న అత్త చేతిలోంచి చెంబు జారిపడింది. ద్వారబంధం పట్టుకుని అక్కడే కూలబడింది. మామ నా ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"బిడ్డా, సోమయ్య సచ్చిపోయిండు. నిన్న మాపటేల ట్రాక్టర్ బోల్తా పడ్డది. ఠాణాకు ఫోనొచ్చింది."

అబద్ధమని అరిచాను. ఆయన చొక్కా పట్టుకుని గుంజాను. ఏడవొద్దని ఆయన అనలేదు. పొద్దుగూకేదాకా అక్కణ్నించి కదల్లేదు.

తరువాత అత్త చెప్పింది. చావు కబురు తెచ్చినప్పుడు మామ డప్పు తేడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. పరాయి చోట మనిషి ఉన్న ప్రతి ఇల్లూ ముందు ఆయన భుజం వంకే చూస్తుంది. నిప్పు కోసం ఒట్టి భుజంతో వచ్చి ఎవరి గుండె ఆగేలా చేస్తానో అని ఆయన అన్నేళ్లు ఆ బరువు మోశాడు. దాన్ని నేను గొప్పలు కొట్టుకోవడం అన్నాను.

తప్పు ఒప్పుకుంటే, "నీకేం ఎరుక బిడ్డా" అన్నాడు. మళ్లీ తనే, "అసొంటి కబురు నిలబడి చెప్పొద్దు. చెప్పినంక ఎంటనే లేవొద్దు" అన్నాడు.

నాలుగు భాషలు వచ్చని నాకు ఈ ఆసుపత్రిలో పని దొరికింది. రోగుల మాట డాక్టర్లకు, డాక్టర్ల మాట రోగుల ఇళ్లవాళ్లకు చెప్పడమే పని. రెండేళ్ల కిందట మామే ఊపిరాడక ఇక్కడికి వచ్చాడు, డప్పుతో సహా. ఆయన దుప్పట్లు, కాగితాలు తేవడానికి నేను ఊరికి బయల్దేరితే, "డప్పు తీస్కపో. ఒట్టిగ పోతే ఎంకమ్మ బెదురుతది" అన్నాడు. ఎంకమ్మ ఆయన భార్య. వీధి మొదట్లో రెండు దెబ్బలు వేశాను. ఆమె బయటికొచ్చి, "నీకు కొట్టుడే రాదు గదే!" అని నవ్వింది. ఆ నవ్వు సంగతి చెబితే మామ మంచం మీద ఎంత సంబరపడ్డాడో.

నాలుగో రోజు ఆయన పోయాడు. శవాన్ని ఊరికి తీసుకెళ్లే బండి సాయంత్రం గానీ బయల్దేరదన్నారు. నేను ముందుగానే బస్సు ఎక్కాను. డప్పు మంచం దగ్గరే వదిలేశాను. ఎంకమ్మ అత్త బియ్యం చెరుగుతోంది. తలెత్తి నా భుజం వంక చూసింది. చేట పక్కకు జరిపి నాకు చోటిచ్చింది. కూర్చున్నాను. ఆమెకు తెలిసిపోయినా నోటితో చెప్పాను. నా జన్మలో అంత కష్టమైన మాట ఇంకోటి చెప్పలేదు.

అప్పటినుంచి వార్డుల్లోకి ఏ పని మీద వెళ్లినా చంకలో ఒక నీలం ఫైలు పెట్టుకుంటాను. అందులో ఏమీ ఉండదు. చీటీ రాయాలన్నా, అన్నం తిన్నారా అని అడగాలన్నా అది ఉంటుంది. రావుగారు దాని మీద జోకులు వేస్తుంటాడు.

నిన్న బయట డప్పులు మొదలయ్యే వేళకు పై వార్డు నుంచి ఫోను వచ్చింది. చింతలనార్ నుంచి కూతుర్ని తెచ్చుకున్న ఒక తండ్రి మూడు రోజులుగా వరండాలో కూర్చుని ఉన్నాడు. నేను లేచి ఫైలు బల్ల మీద పెట్టాను.

"ఫైలు మర్చిపోయావమ్మా" అన్నాడు రావుగారు.

"అక్కర్లేదండీ" అన్నాను.

ఆ తండ్రి నేను రావడం చూసి లేవబోయాడు. లేవొద్దని చెప్పి, ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను.