ఊరికంతటికీ మా అన్నయ్య ముక్కే

శావల్యాపురం దగ్గర మా ఊళ్ళో పురుగుమందు అసలుదో నకిలీదో తేల్చేది మా అన్నయ్య ముక్కు. నరసరావుపేటలో ఎవరు డబ్బా కొన్నా ముందు మా అరుగు మీదికి తెచ్చేవాళ్ళు. అన్నయ్య మూత తిప్పి, కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చేవాడు. తల అదిరేంత ఘాటుంటే అసలు, లేకపోతే డూప్లికేట్. నకిలీ మందు కొట్టి ఒక ఏడాది మిరప చేలన్నీ ఆకుముడత తెగులుకి పోగొట్టుకున్న ఊరు మాది. అందుకే ఆ ముక్కుకి సర్పంచికి లేని మర్యాద ఉండేది.

నేను పేటలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. అన్నయ్య అలా పీలుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఫాస్ఫరస్ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకి ఒక సంగతి చెబుతాను. అది పుస్తకంలో లేదు. మా ల్యాబు గోడకున్న శాస్త్రవేత్తల ఫొటోల్లో ఆ మనిషీ లేడు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య జర్మనీలో ఒక రసాయన శాస్త్రవేత్త, పంటల్ని తినే పురుగులకి కొత్త మందు వెతుకుతున్నాడు. ఒకనాడు బల్ల మీద ఒక్క చుక్క ఒలికింది. కాసేపటికి ఆయనకీ సహాయకుడికీ వెలుతురు తగ్గినట్టయింది, ఊపిరి బరువెక్కింది. దీపాలు బాగానే ఉన్నాయి. మూసుకుపోతున్నవి వాళ్ళ కనుపాపలు. తేరుకోవడానికి వారాలు పట్టింది. అలాంటిదాన్ని ఎవరైనా పారబోస్తారనుకుంటాం. పారబోయలేదు. సైన్యం వాళ్ళు పిలిపించి మరీ దాన్ని చేయించుకున్నారు. మన చేలల్లో కొట్టే మందులు కొన్ని ఆ విషానికి దాయాదులే.

ఇదంతా చెబితే అన్నయ్య పకపకా నవ్వాడు.

"జర్మనీవోడు ఎప్పుడన్నా గొడ్డుకారం తిన్నాడా? పల్నాడోడి ముక్కుతో వాడికి పోలికేందే! సరే, చానా చదివావుగా, ఈ రెండు డబ్బాల్లో ఏది అసలో నువ్వే చెప్పు."

డబ్బా చూసి చెప్పగల చదువు కాదు నాది. ల్యాబుకి పంపితే రిపోర్టు వచ్చేలోపు చేను చేతికి రాకుండా పోతుంది.

ఈ ఏడు పురుగు ముందే వచ్చింది. ఒక ఆదివారం నేను ఊళ్ళోనే ఉన్నాను. అన్నయ్య మా చేనుకని కొత్త కొట్లో మందు తెచ్చాడు. మూత బిగుసుకుపోతే గట్టిగా గుంజాడు. మందు చెయ్యి మీదా మీసం మీదా చిందింది. భుజం మీది తువాలుతో తుడుచుకుని, అదే తువాలుతో మొహమంతా రుద్దుకున్నాడు. "అబ్బ, సరుకంటే ఇదీ!" అన్నాడు, పక్కన కూర్చున్న ఎదురింటి మామతో.

అన్నానికి కూర్చున్నాడు. వదిన పప్పు వడ్డిస్తోంది.

"ఏమే, మబ్బేసిందా?" అన్నాడు నాతో.

బయట ఎండ పేలిపోతోంది. గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పాను. కనుపాపలు ఆవగింజంత కూడా లేవు.

చొక్కా చింపేసి, సబ్బుతో రుద్ది, బిందెలకి బిందెలు నీళ్ళు పోసి, మామ కారులో పేటకి తీసుకెళ్ళాం. దారిలోనే నోటి వెంట నురగ మొదలైంది. డాక్టరు కళ్ళు చూశాడు, అట్రోపిన్ ఎక్కించడం మొదలుపెట్టాడు. అది ఉమ్మెత్తలో ఉండే విషం. ఈ విషానికి ఆ విషమే విరుగుడు. దాని మత్తులో అన్నయ్య గాల్లో మిరపకాయలు కోయడం మొదలుపెట్టాడు. చేతులు మంచానికి కట్టేశారు. బతుకుతాడా అని అడిగితే డాక్టరు "చూద్దామమ్మా" అన్నాడు. నేనింత చదివీ ఏం లాభమని వరండాలో కూర్చుని ఏడ్చాను.

బతికాడు. ఇంటికొచ్చాడు. పరామర్శకి వచ్చినవాళ్ళందరూ ఒకటే ప్రశ్న, మందు ఏ కొట్లో కొన్నారని. కొట్టువాణ్ణి నిలదీస్తారు కాబోలనుకున్నాను. నేనే ముందుకొచ్చి సందుతో సహా గుర్తులు చెప్పాను.

మర్నాడు కాలేజీ నుంచి వస్తూ ఆ కొట్టు ముందు జనాన్ని చూశాను. సగం మంది మా ఊరివాళ్ళే. ఎదురింటి మామ సంచిలో అవే డబ్బాలు.

"మామా, ఇదేంది!"

"నీకు తెలవదులే అమ్మాయ్. అంత మనిషినే పడగొట్టింది, ఇందులో కల్తీ ఏముంటది? పురుగొక లెక్కా!"

కోపంతో ఊగిపోతూ ఊరికి వెళ్ళాను, వదినతో చెప్పుకుందామని. అన్నయ్య మంచం కింద రెండు డబ్బాలున్నాయి.

"అయిపోతాయంటే పొద్దున్నే తెప్పించానమ్మా," అంది వదిన నా వైపు చూడకుండా. "చేలో ముడత అట్టానే ఉందిగా."

అన్నయ్యకి చేతుల వణుకు ఇంకా తగ్గలేదు. ఆ చేత్తోనే మంచం కింద తడుముకుని, ఒక డబ్బా పైకి తీసి, మూత తిప్పబోతున్నాడు.